ఐదో లేన్ ఏది? బయోటెక్ పీజీ, తర్వాత మొదలయ్యే రీసెర్చ్ గురించి ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా... ఆ, సరే. నన్ను పిలిచినప్పుడు ఇచ్చిన టాపిక్ "బయోటెక్నాలజీ పీజీ తర్వాత రీసెర్చ్ కెరీర్" అని. స్లైడ్లు చేద్దామని కూర్చుని ఓ గంటసేపు బాణాలు గీశాను, పీజీ నుంచి ఒక బాణం పీహెచ్‌డీకి, ఒకటి కంపెనీకి, ఇంకోటి ఎటు పోవాలో తెలీక గాల్లో ఆగిపోయింది, చివరికి మొత్తం డిలీట్ చేసేశాను. ఆ బాణాలు మీ ఫోన్లో నాకంటే బాగా దొరుకుతాయి. అందుకే ఇవాళ స్లైడ్లు లేవు, ఒక జెల్ ఫోటో గురించి చెప్తాను, అది కూడా చూపించను, చెప్తాను అంతే.

నా డిజర్టేషన్ రోజులు. ఒక బ్యాక్టీరియాలోంచి ఒక జీన్‌ని పీసీఆర్‌తో, అంటే డీఎన్‌ఏ ముక్కని కోట్ల కాపీలు చేసే పద్ధతితో తీసి, ప్లాస్మిడ్‌లో, అంటే ఒక చిన్న గుండ్రటి డీఎన్‌ఏలో పెట్టి, ప్రోటీన్ చేయించాలి. పేపర్ మీద రెండు నెలల పని. నాకు పీసీఆర్ దగ్గరే, అంటే ఆదిలోనే హంసపాదు. జెల్, అంటే డీఎన్‌ఏ ముక్కల్ని సైజు ప్రకారం విడదీసే పలక, దాని మీద ఐదు లేన్లు, అంటే ఐదు వరుసలు వేశాను. మొదటిది లాడర్, అంటే సైజు చూసుకునే స్కేలు, రెండోది పాజిటివ్ కంట్రోల్, అంటే మా సీనియర్ అక్క ఇచ్చిన ప్లాస్మిడ్, అందులో ఆ జీన్ ముందే ఉంది. మూడు, నాలుగు నా శాంపిల్స్. ఐదోది నెగటివ్ కంట్రోల్, డీఎన్‌ఏ వెయ్యకుండా బదులుగా నీళ్లు పోసింది, అందులో ఏమీ రాకూడదు. యూవీ కింద పెట్టి చూస్తే 750 బేస్ పెయిర్ల, అంటే 750 డీఎన్‌ఏ అక్షరాల పొడవు దగ్గర చక్కటి బ్యాండ్, రెండులో ఉంది, మూడులో ఉంది, నాలుగులో ఉంది, నా ఖర్మ, ఐదులో కూడా ఉంది. కొంచెం పల్చగా, కానీ ఉంది.

మర్నాడు ల్యాబ్ మీటింగ్. అప్పటికి ఆరు వారాల నుంచి నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఏం చేశానో మీకు అర్థమయ్యే ఉంటుంది, ఫోటోని నాలుగు లేన్ల వరకే క్రాప్ చేశాను. అబద్ధం చెప్తున్నానని కూడా అనిపించలేదు అప్పుడు, "బ్యాండ్ అయితే వచ్చింది కదా, ఆ ఐదోది తర్వాత సరిచేసుకుందాంలే" అనుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారే, రీసెర్చ్‌లో అంతకంటే ప్రమాదకరమైన ముద్దు ఇంకోటి లేదు.

మా గైడ్ స్క్రీన్ వైపు ఒక పది సెకన్లు చూశారు. వేలితో లెక్కపెట్టారు. "లాడర్, పాజిటివ్, శాంపిల్స్ రెండు. ఐదో లేన్ ఏదమ్మా?" అన్నారు. "అది వేరే జెల్‌లో ఉంది సార్" అన్నాను. "అయితే ఆ జెల్ పట్రా" అన్నారు. లేచి వెళ్లాను, మెషీన్ దగ్గర ఒరిజినల్ ప్రింటు ఉంది, దాన్ని పట్టుకుని కారిడార్‌లో కాసేపు నిలబడ్డాను, ఆ నిలబడిన రెండు నిమిషాలే నా డిగ్రీ అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు. తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. తిట్టలేదాయన. ఐదో లేన్ మీద వేలు పెట్టి, "ఈ ఫోటోలో సమాచారం ఉన్న లేన్ ఇదొక్కటే, దీన్నే కోసేశావు" అన్నారు, తర్వాతి స్టూడెంట్‌ని మొదలుపెట్టమన్నారు.

తర్వాత మూడు వారాలు వేట. మీకు పీసీఆర్ తెలుసు, అయినా ఒక్కసారి లెక్క చూడండి. ప్రతి సైకిల్‌కీ రెట్టింపు అవుతుందనుకుంటే 30 సైకిళ్లకి ఒక్క అణువు 107 కోట్ల పైచిలుకు కాపీలవుతుంది. అంటే ఆ ప్లాస్మిడ్ తుంపర కంటికి కనపడనంత పడినా చాలు, నీళ్ల లేన్‌లో బ్యాండ్ వచ్చేస్తుంది. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయాను, కొత్త ప్రైమర్, అంటే కాపీ మొదలుపెట్టించే చిన్న డీఎన్‌ఏ ముక్క, తేడా లేదు, కొత్త డీఎన్‌టీపీ, అంటే కాపీకి కావలసిన ఇటుకలు, లేదు, కొత్త ఎంజైమ్, లేదు, కొత్త నీళ్లు, ఆ రోజు ఐదో లేన్ నల్లగా, ఖాళీగా, ఎంత అందంగా ఉందో. ప్లాస్మిడ్ పట్టిన పైపెట్‌తోనే, ఫిల్టర్ లేని టిప్‌తో, నేనే నా నీళ్ల ట్యూబులోంచి తీసుకుంటూ ఉన్నాను అన్నమాట. అసలు కథ ఇది కాదు. అసలు కథ ఏంటంటే ఐదో లేన్ ఖాళీ అయిన రోజే మూడు, నాలుగు కూడా ఖాళీ అయిపోయాయి! అంటే నా శాంపిల్స్‌లోంచి ఎప్పుడూ ఏదీ రాలేదు, ఆ రోజు నేను చూసి మురిసిపోయింది అక్క ప్లాస్మిడ్‌ని. ప్రైమర్లు అంటుకునే టెంపరేచర్ కొంచెం కొంచెం మార్చి చూస్తే అప్పుడొచ్చింది నా సొంత బ్యాండ్, సన్నగా, వంకరగా.

ఆ జీన్‌తో ఆ తర్వాత ఇన్నేళ్లలో నేను మళ్లీ పనిచెయ్యలేదు. దాని మీద రాసిన థీసిస్ ఏ అలమరాలో ఉందో కూడా తెలీదు. కానీ ఇవాళ్టికీ ఏ పేపర్ చూసినా ముందు నా కళ్లు పోయేది కంట్రోల్ లేన్ మీదకే. మీ పీజీ మీకు ఇచ్చేది టాపిక్ కాదండీ, ఈ చూపు. మిగతాదంతా నేను దీని చుట్టూతానే తిరుగుతాను, బోర్ కొడితే చెప్పండి.

నేనొక్కదాన్నే కాదు, పెద్దవాళ్ల కథ ఒకటి చూడండి. కరోల్ గ్రైడర్ అని, 1984లో బర్కిలీలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ల్యాబ్‌లో చేరిన పీహెచ్‌డీ స్టూడెంట్. క్రోమోజోముల కొసల్ని ఏ ఎంజైమ్ పొడిగిస్తుందో వెతకాలి, అసలు అలాంటి ఎంజైమ్ ఉందో లేదో కూడా ఎవరికీ గ్యారంటీ లేదు. టెట్రాహైమీనా అనే ఏకకణ జీవి ఎక్స్‌ట్రాక్ట్‌తో చేస్తూ, అదే ఏడాది డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజు, ల్యాబ్‌కి వెళ్లి ప్రయోగం ఫలితం పడిన ఫిల్మ్ చూసింది. ఆరేసి బేస్‌ల తేడాతో నిచ్చెన మెట్లలాగా బ్యాండ్లు. ఆ జీవి క్రోమోజోముల కొసల్లో మళ్లీమళ్లీ వచ్చే ముక్క కూడా సరిగ్గా ఆరు బేస్‌లే. అదే తర్వాత టెలోమరేజ్ అయింది, 2009లో వాళ్లిద్దరికీ, జాక్ షోస్టాక్‌కీ కలిపి నోబెల్ వచ్చింది. ఈ కథ అందరూ చెప్తారు, క్రిస్మస్ దగ్గర ఆపేస్తారు. నాకు ముఖ్యం దాని తర్వాతది. పేపర్ వచ్చింది 1985 డిసెంబర్‌లో, అంటే దాదాపు ఏడాది తర్వాత. మధ్యలో ఏం చేశారయ్యా అంటే, ఇది డీఎన్‌ఏని కాపీ చేసే మామూలు ఎంజైమ్, డీఎన్‌ఏ పాలిమరేజ్, చేసే పనే అయ్యుండొచ్చు కదా, మనం భ్రమపడుతున్నామేమో అని, తమ రిజల్ట్‌ని తామే పడగొట్టడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ ప్రయత్నించారు. అప్పటికి ఆవిడ ఇరవైల్లో ఉన్న ఒక స్టూడెంట్, చేతిలో అంత అందమైన నిచ్చెన పెట్టుకుని ఏడాది ఆగడం, నేనైతే ఐదో లేన్ దాకా కూడా ఆగలేకపోయాను మరి.

సరే, ఇంకో సంగతికొస్తా. బయోటెక్ వాళ్లందరికీ ఒక బాధ ఉంటుంది, "మాకు అన్నీ కొంచెం కొంచెం వచ్చు, ఏదీ పూర్తిగా రాదు" అని. బయోకెమిస్ట్రీ ఒక సెమిస్టర్, మైక్రోబయాలజీ ఒకటి, ఇమ్యునాలజీ, బయోప్రాసెస్, కొంచెం స్టాటిస్టిక్స్, కొంచెం బయోఇన్ఫర్మాటిక్స్. కెమిస్ట్రీ వాళ్ల ముందు కెమిస్ట్రీ రాదు, ఇంజినీర్ల ముందు లెక్కలు రావు. నేనూ ఇదే ఏడుపు ఏడ్చాను. మొదటి రెండు మూడేళ్లు ఇది నిజంగా లోటే, దాన్ని నేను తియ్యగా చెప్పను, పీహెచ్‌డీలో చేరాక మీరు ఒక దాంట్లో లోతుకి వెళ్లి తీరాలి, లేకపోతే నెట్టుకురాలేరు.

కానీ ఒక సాయంత్రం ఇలా అవుతుంది చూడండి. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ప్రోటీన్ చేయిస్తున్నారు. జెల్ మీద బ్యాండ్ లావుగా ఉంది, అందరూ చప్పట్లు. సెల్స్‌ని పగలగొట్టి సెంట్రిఫ్యూజ్ చేస్తే ప్రోటీన్ మొత్తం కింద ముద్దలో, పైన ద్రవంలో సున్నా. ఇన్‌క్లూజన్ బాడీస్, అంటే సరిగ్గా మడతపడని ప్రోటీన్ ముద్దలు. క్లోనింగ్ మనిషి కన్‌స్ట్రక్ట్, అంటే జీన్ పెట్టిన డీఎన్‌ఏ అమరిక, మారుద్దాం అంటాడు, ప్యూరిఫికేషన్ మనిషి యూరియాతో కరిగించి మళ్లీ ఫోల్డ్ చేద్దాం అంటాడు, ఫెర్మెంటర్ మనిషి గాలి సరిపోవట్లేదేమో అంటాడు. ఎవడి సుత్తి వాడిది. ఈ ముగ్గురి భాషా తలో ముక్క వచ్చిన మనిషే లేచి "ముందు 37 డిగ్రీల నుంచి 18కి దించి, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ తగ్గించి, రాత్రంతా వదిలేసి చూద్దామా, కణం తొందరపడి చేస్తోందేమో, మడతపడే టైము ఇద్దాం" అంటుంది. ప్రతిసారీ పనిచెయ్యదు. కానీ ఒక్క రాత్రిలో, ఒక్క ఫ్లాస్కుతో తేలిపోయే ప్రశ్న ముందు అడగాలని తెలియడం ఉంది చూశారా, అది ఆ "కొంచెం కొంచెం"లోంచి వచ్చిందే. ఈ రంగం పుట్టుకే అలాంటిది. 1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ చేసిన డీఎన్‌ఏ అతుకు, 1978లో జెనెన్‌టెక్ అనే కంపెనీ వాళ్లు బ్యాక్టీరియాలో చేయించిన మనిషి ఇన్సులిన్, 1982లో అది మందుగా అప్రూవ్ అవడం, ఈ తొమ్మిదేళ్లలో జన్యుశాస్త్రం వాళ్లు, కెమిస్ట్రీ వాళ్లు, ట్యాంకుల దగ్గర నిలబడ్డ ఇంజినీర్లు ఒకరి మాట ఒకరు వినకపోతే ఏదీ జరిగేది కాదు.

ఇప్పుడు కొంచెం చేదు మాటలు. నేను ఇంటర్వ్యూ ప్యానెల్స్‌లో కూర్చుంటాను అప్పుడప్పుడు. రెజ్యూమె నిండా టెక్నిక్స్, పీసీఆర్, వెస్టర్న్ బ్లాట్, ఎలీసా, హెచ్‌పీఎల్‌సీ, క్రిస్పర్ కూడా ఉంటుంది ఈమధ్య. నేనొక ప్రశ్న అడుగుతాను, డీఎన్‌టీపీ స్టాక్ 10 మిల్లీమోలార్ ఉంది, 50 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 200 మైక్రోమోలార్ కావాలి, ఎంత వెయ్యాలి? పెన్ను ఇస్తాను, పేపర్ ఇస్తాను. 1 మైక్రోలీటర్ అండీ జవాబు, యాభై రెట్లు పల్చన చెయ్యాలి, 50లో 1, అంతే. టాపర్లు కూడా తడబడతారు, ఎందుకంటే కోర్సులో ఎప్పుడూ మాస్టర్ మిక్స్ ఎవరో కలిపి ఇచ్చారు, వీళ్లు పోశారు. ఒకబ్బాయి 1 మిల్లీలీటర్ అన్నాడు, 50 మైక్రోలీటర్ల ట్యూబులో! తెలివితక్కువవాడు కాదు, తర్వాత మాట్లాడితే చాలా చదివినవాడని తెలిసింది, కాకపోతే ఎప్పుడూ తన చేత్తో కలపలేదు. కాబట్టి మీకింకా పీజీలో టైమ్ ఉంటే కిట్‌లో బఫర్ వాడే ముందు ఒక్కసారైనా ఆ బఫర్ సొంతంగా తూచి, పీహెచ్ సరిచూసి, కలపండి. టెక్నిక్ పేరు రెజ్యూమెలో రాసుకోవచ్చు గానీ అది ఎక్కడ చెడిపోతుందో చెప్పగలిగితేనే అది మీకు వచ్చినట్టు.

రిప్లికేట్స్, అంటే ఒకే ప్రయోగం మళ్లీ మళ్లీ చెయ్యడం గురించి కూడా చెప్పాలి, త్వరగా చెప్పేస్తా. ఒకే ఫ్లాస్కులోంచి ప్లేటులో ఉండే మూడు చిన్న గుంటల్లోకి పోసి ఎన్ ఈక్వల్స్ త్రీ, అంటే మూడుసార్లు చేశాం అని రాస్తారు. అది మీ పైపెట్ ఎంత స్థిరంగా ఉందో చెప్తుందే తప్ప బయాలజీ గురించి ఏమీ చెప్పదు. వేరే రోజు, వేరే కల్చర్, మళ్లీ మొదటినుంచి, అలా మూడుసార్లు చేస్తే అది మూడు. చాలామందికి ఇది పీహెచ్‌డీ రెండో ఏట రివ్యూయర్ రాసిన ఉత్తరం చదివితే గానీ తెలీదు, ఆ ఉత్తరం చదివిన రాత్రి నిద్ర పట్టదు.

ఎక్సెల్ సంగతి తెలుసా? మార్చ్1, సెప్ట్2 అని జీన్ల పేర్లుండేవి. షీట్‌లో టైప్ చెయ్యగానే మార్చి 1, సెప్టెంబర్ 2 తారీఖులైపోయేవి. ఎవరూ చూసుకోకుండా పేపర్లతో పాటు సప్లిమెంటరీ ఫైల్స్‌గా పంపేశారు, 2016లో వచ్చిన ఒక స్టడీలో అలా ఎక్సెల్‌లో జీన్ లిస్టులిచ్చిన పేపర్లలో సుమారు ఐదో వంతులో ఈ రకం తప్పులున్నాయని తేలింది. ఎక్సెల్ మారేట్టు లేదని చివరికి పేర్లు పెట్టే కమిటీ వాళ్లే 2020లో వంగారు, మార్చ్1ని మార్చ్‌ఎఫ్1 అని, సెప్ట్2ని సెప్టిన్2 అని మార్చుకున్నారు. నవ్వొస్తుంది కదా. ఆ ఫైళ్లు తయారుచేసింది ఎవరనుకుంటున్నారు, ప్రొఫెసర్లా? మనలాంటి జూనియర్లే, డెడ్‌లైన్ ముందు రోజు రాత్రి.

కణాలు కూడా అంతే. 1951లో హెన్రియెటా లాక్స్ అనే క్యాన్సర్ పేషెంట్ శరీరంలోంచి తీసిన హీలా సెల్స్ ఎంత గట్టివంటే, పక్క ఫ్లాస్కులోకి ఒక చుక్క వెళ్తే అక్కడి కణాల్ని తోసేసి అవే పెరుగుతాయి. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనే ఆయన, వేరువేరు కణజాలాలవి అనుకుంటున్న ఎన్నో సెల్ లైన్లు నిజానికి హీలానే అని చూపించాడు, ఫలానా అవయవం అనుకుని ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల ముఖాలు ఊహించుకోండి. కాబట్టి ఎవరైనా "ఇవి బాగానే ఉంటాయి తీసుకో" అని ఫ్లాస్కు ఇస్తే థాంక్యూ చెప్పి తీసుకోండి, ఐడెంటిటీ టెస్టు, కల్చర్లలో దూరే మైకోప్లాస్మా అనే చిన్న బ్యాక్టీరియా టెస్టు చేయించండి, ఇచ్చినవాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే.

నోట్‌బుక్. ఇది చెప్పకుండా దిగను. నా థీసిస్ అయిపోయిన రెండేళ్లకి పాత ల్యాబ్ నుంచి ఒక జూనియర్ ఫోన్. "అక్కా, మీ నోట్‌బుక్‌లో 43వ పేజీలో 'పోయినసారి లాగే చేశాను' అని ఉంది, పోయినసారంటే ఏది అక్కా? దానికి ముందు పేజీలో కూడా అలాగే ఉంది." నాకు ఒక్క ముక్క గుర్తులేదు. పాపం ఆ అమ్మాయి నా ఆ ఒక్క మాట వల్ల నెల రోజులు పోగొట్టుకుంది, పైగా నాకే సారీ చెప్పింది డిస్టర్బ్ చేశానని. అప్పటినుంచి ఎంజైమ్ లాట్ నంబరుతో సహా రాస్తాను, పనిచెయ్యనివి ముందు రాస్తాను. కంపెనీల్లో చేరేవాళ్లకి ఇది ఇంకా పెద్ద విషయం, అక్కడ బ్యాచ్ రికార్డులో రాయనిది జరగనట్టే లెక్క, సంతకం, టైము, తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, వైట్‌నర్ ముట్టుకోకూడదు. యూనివర్సిటీ ల్యాబ్ నుంచి వెళ్లినవాళ్లకి మొదటి ఆర్నెల్లు ఊపిరాడదు. నోట్‌బుక్ సరిగ్గా రాసే అలవాటున్నవాళ్లకి వారంలో అయిపోతుంది.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలని అడుగుతారు ఎప్పుడూ. పేపర్ల సంఖ్య చూడండి, ఫండింగ్ చూడండి, నేను వద్దనను. కానీ వీలైతే ఒక ల్యాబ్ మీటింగ్‌లో మూల కూర్చుని చూడండి. ఎవరైనా "ఈ వారం పనిచెయ్యలేదు" అన్నప్పుడు ఆ గదిలో ఏం జరుగుతుందో చూడండి. ఎందుకు పనిచెయ్యలేదో అందరూ కలిసి గిల్లుతుంటే అది మంచి చోటు. ఎవరూ కళ్లెత్తకుండా ఉంటే, ఆ ల్యాబ్‌లో ఐదో లేన్లు కోసేస్తున్నారని అర్థం, పాపం పిల్లల తప్పు కూడా కాదది, భయం. మా గైడ్ ఆ రోజు గట్టిగా అరిచి ఉంటే నేను నేర్చుకునేది నిజం చెప్పడం కాదు, ఇంకా నీట్‌గా క్రాప్ చెయ్యడం. అక్కడి పాత స్టూడెంట్స్‌తో గైడ్ లేనప్పుడు మాట్లాడండి, ఎంతమంది వచ్చారు అని కాకుండా ఎంతమంది పూర్తిచేశారు, ఇప్పుడెక్కడున్నారు అని అడగండి.

ఆ, చెప్పమ్మా, చెయ్యెత్తావు. మైక్ ఇవ్వండి అటు.

"మేడమ్, నా డిజర్టేషన్ ప్లాంట్ టిష్యూ కల్చర్, నేను పీహెచ్‌డీ న్యూరోబయాలజీలో చేద్దామనుకుంటున్నాను, రెండేళ్లు వేస్ట్ అయినట్టేనా?" అని అడుగుతోంది. కాదు. నేను ఇందాక టాపిక్ మిగలదు అన్నాను కదా, దానికొక ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నేను కూడా ఒక లేన్ కోసేసినట్టే. ఫ్రాన్సిస్కో మోహికా అని, స్పెయిన్‌లో అలికాంతే యూనివర్సిటీలో, ఉప్పు నీళ్లలో బతికే సూక్ష్మజీవుల మీద పీహెచ్‌డీ చేస్తూ డీఎన్‌ఏలో పదేపదే వచ్చే వింత రిపీట్లు చూశాడు, 1993లో పేపర్ రాశాడు. ఆయన దాన్ని వదల్లేదు. అవి వైరస్‌ల నుంచి కాపాడుకునే వ్యవస్థ అయ్యుండాలని చెప్పిన పేపర్ చాలా జర్నల్స్ తిప్పికొట్టాక 2005లో బయటికొచ్చింది. అదే మనం ఇప్పుడు క్రిస్పర్ అంటున్నది. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంటియే దాన్ని డీఎన్‌ఏని కోరిన చోట కోసే కత్తెరగా చూపించారు, 2020 నోబెల్ వాళ్లిద్దరికీ వచ్చింది, మోహికాకి రాలేదు. అలా స్టూడెంట్‌గా చూసిన ఒక వింతని జీవితమంతా పట్టుకునేవాళ్లూ ఉన్నారు. నీ టిష్యూ కల్చర్‌లో అలాంటిదేమైనా నిన్ను నిద్రపోనివ్వకుండా చేస్తోందా? లేదు కదా, తల అడ్డంగా ఊపుతోంది. అయితే మారిపో, హాయిగా. రెండేళ్లు కంటామినేషన్ రాకుండా కల్చర్లు నిలబెట్టిన చెయ్యి న్యూరాన్లకి కూడా పనికొస్తుంది, అవి మొక్కల కంటే అలకెక్కువ. ఇంటర్వ్యూలో టాపిక్ ఎందుకు మార్చావని అడుగుతారు, అప్పుడు కొత్త ఫీల్డ్ గొప్పదనం చెప్పకు, నీ పాత పనిలో ఏది చెడింది, ఎలా కనిపెట్టావు అనేది చెప్పు. ఎన్ని ప్లేట్లు బూజు పట్టాయి మొదట్లో?

"నలభై మేడమ్."

ఎందుకో దొరికిందా?

"హుడ్ ఫిల్టర్ అనుకున్నాం, కాదు. ఆటోక్లేవ్‌లో సీసాలు మరీ కుక్కేసి పెట్టేదాన్ని, మధ్యలో వాటికి ఆవిరి తగిలేది కాదు."

చూశారా. కూర్చో. ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా?